పళ్ళ పద్యం

హార్మోనియం కూర్మారావు మాస్టారు శిష్యుల ప్రశ్నలకు నోటితో జవాబు చెప్పడం అరుదు. శిష్యుడు తిరుపతి అడిగినప్పుడూ హార్మోనియం పెట్టె తుడుచుకుంటూనే ఉన్నారు.

"నేను అబద్ధమేమీ పెట్టలేదు కదండీ. జరిగిందే పెట్టాను. తప్పేముంది?"

జరిగింది ఇది. జాతరలో పద్యనాటకం. వయసులో ఉన్ననాటి నుంచీ రాజు వేషం కడుతున్న దాలినాయుడు పద్యం చివర రాగం తీస్తుండగా కట్టుడు పళ్ళు జారి అరచేతిలో పడ్డాయి. మాస్టారి పక్కన కూర్చున్న తిరుపతి దాన్ని ఫోన్లో వీడియో తీసి, ఒక నవ్వు బొమ్మ తగిలించి వాట్సాప్‌లో పెట్టాడు. తెల్లారేసరికి ఎవరో దానికి సినిమా పాట అతికించారు, ఇంకెవరో ఎన్నికల్లో ఓడినవాడి పేరు రాశారు. దాలినాయుడి ముఖం వాట్సాప్ స్టిక్కరైంది. ఆయన మనవరాలు కాలేజీ మానేసిందని విన్నాక తిరుపతి వీడియో తీసేశాడు. అప్పటికే అది ఊరూరా ఉంది.

మాస్టారు పెట్టె మూత వేసి, ఆదివారం నాటకానికి నువ్వు వాయించు అన్నారు. అంతే.

ఆదివారం జనం విరగబడ్డారు. నాటకం కోసం కాదని తెర లేవగానే తిరుపతికి అర్థమైంది. ముందు వరుసల్లో ఫోన్లు అప్పటికే పైకి లేచి ఉన్నాయి. దాలినాయుడు మొదటి పద్యం ఎక్కడా తొణక్కుండా పాడాడు. చప్పట్లు లేవు.

"తాతా, ఇది కాదెహె, పళ్ళ పద్యం కావాలి. వన్స్‌మోర్!" అన్నాడొక కుర్రాడు. పందిరంతా అందుకుంది.

వన్స్‌మోర్ అంటే మళ్ళీ పాడాలి. కాదంటే సభను అవమానించినట్టు. ఆ కట్టుబాటు దాలినాయుడు ఏనాడూ తప్పలేదు. వీడియో తీసిందెవరో ఆయనకు తెలియదు. హార్మోనియం వైపు తిరిగి, "శ్రుతియ్యి బాబూ" అన్నాడు.

తిరుపతి మెట్టు నొక్కాడు. దాలినాయుడు తన చేత్తోనే పళ్ళు తీసి గుప్పిట్లో పెట్టుకుని ఆ పద్యం ఎత్తుకున్నాడు. నవ్వుల్లో ఒక్క అక్షరమూ వినబడలేదు. అయినా చివరిదాకా పాడాడు. కిరీటం తీసి హార్మోనియం మీద పెట్టి, రంగు కడుక్కోకుండానే వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆయన వేదిక ఎక్కలేదు, వీధిలోకి రావడం కూడా మానుకున్నాడు.

ఆ రాత్రి జనం వెళ్ళిపోయినా తిరుపతి కిరీటాన్ని ముట్టుకోలేక అలాగే కూర్చున్నాడు. జేబులో ఫోన్ అదిరింది. కొత్త వీడియో వచ్చేసింది.

మాస్టారు వచ్చి పక్కన కూర్చున్నారు.

"ఆయనకు పళ్ళు జారింది ఒక్కసారే, తిరుపతీ. మొదటి వన్స్‌మోర్ ఎవరిది?"