పిగిలిపిట్ట నెత్తిమీది గుడారం

ఒకప్పుడు పిగిలిపిట్ట నెత్తి నున్నగా ఉండేది. జుట్టు లేదు, నలుపు లేదు. తోక కింద ఎరుపు లేదు, తోక పైన తెలుపు లేదు. ఒళ్లంతా ఒకటే మట్టిరంగు. మట్టిపెళ్ల పక్కన వాలితే అదీ మట్టిపెళ్లే అనుకునేవాళ్లు. "అరె, ఇక్కడో పిట్ట ఉందే!" అని ఒక్కరు అన్న పాపాన పోలేదు.

ఆ రోజుల్లో గాలి మనుషులతో మాట్లాడేది. పొద్దుగూకే వేళ వచ్చి పక్కన కూర్చుని ఊరూరి కబుర్లు చెప్పేది. మబ్బులకు దాహమేస్తే కొండ దిగి వచ్చి, గొర్రెలతో పాటు వాగులో నీళ్లు తాగేవి. ఏది గొర్రో, ఏది మబ్బో తెలియక కాపరులు తికమకపడేవాళ్లు. సాయంత్రం మందను దొడ్డికి తోలితే, అందులో ఒకటి గొర్రె కాదని తెల్లారి అది పైకి లేచిపోయాక గాని తెలిసేది కాదు. నవ్వకండి, ఆ రోజులు అలాంటివి మరి!

అప్పుడు నల్లకొండ కింది పచ్చికబయల్లో కొంరవ్వ అనే కాపరి ఉండేది. మొగుడు బీరయ్య గొర్రెల్ని తోలుకుని కొండ అవతలికి పోయాడు. కొంరవ్వ ఒళ్లో ఇంకా పేరైనా పెట్టని పసిపాప. పాపకు జలుబు చేసింది. ముక్కు మూసుకుపోయి పాలు తాగలేక సన్నగా ఏడుస్తోంది. కొంరవ్వ దాన్ని గుండెకు అదుముకుని ఊపుతూ కూర్చుంది.

గాలి మెల్లగా వచ్చి పక్కన కూలబడింది.

"కొంరవ్వా, వాన బయలెల్లింది. రేపు పొద్దుగూకేసరికి ఈడుంటది. పెద్దవాన. పిల్ల తడిస్తే బతకదు. ఏడ పెట్టుకుంటవ్?"

"గుడారం కుట్టుకుంట," అంది కొంరవ్వ.

"నీకొస్తదా?"

"రాదు. రాకపోతే నేర్చుకుంట. పుట్టంగనే ఎవలికొచ్చు?"

గాలికి ఆ మాట నచ్చింది. నవ్వుకుంటూ లేచిపోయింది.

తెల్లారగానే కొంరవ్వ పనిలో పడింది. ఆమె దగ్గర మూడు గొంగళ్లు ఉన్నాయి. రెండు కొత్తవి, మందంగా ఉన్నాయి. ఒకటి మామ కప్పుకుని కప్పుకుని అరగదీసింది. వేళ్లు పెడితే అవతలికి కనిపించేలా ఉంది. గోనెలు కుట్టే పెద్ద సూది, అదే దబ్బనం, తీసుకుని ఉన్నిదారం ఎక్కించి మూడింటినీ కలిపి కుట్టింది. కొత్తవి కింద వేసింది, పాతది పైన వేసింది. "కిందైతే అందరికీ కనబడ్తది. పైన ఎవలు సూడొచ్చిండ్రు?" అనుకుంది.

అప్పుడే ఆమె కాళ్ల దగ్గర మట్టిపెళ్ల ఒకటి కదిలింది. కొంరవ్వ వంగి చూసింది. మట్టిపెళ్ల కాదు, పిగిలిపిట్ట! కింద పడిన ఉన్నిపోగులు గబగబా ముక్కున కరుచుకుంటోంది.

"ఏయ్, దొంగమొకమా! నా ఎదురుంగనే దొంగతనమా?"

పిగిలిపిట్ట నోట్లోని పోగులన్నీ వదిలేసింది. భయంతో కాదు, ఆశ్చర్యంతో.

"అవ్వా, నేను నీకు కనబడ్తున్ననా?"

"ఎందుకు కనబడవు? నాకు కండ్లు లేవా? తీస్కపో, తీస్కపో. నీకూ గూడు గావాలె గదా."

పిట్టకు కడుపు నిండిపోయింది. పుట్టి ఇన్నేళ్లయినా తనను చూసి ఎవరూ తిట్టను కూడా తిట్టలేదు మరి! పోగులు మళ్లీ ఏరుకుంది గాని ఎగిరిపోలేదు. కుట్టుపని వంక చూసి గొంతు సవరించుకుంది.

"అవ్వా, ఒక్క మాట. పైన పాతది ఏసినవ్. నా గూడు ఎప్పుడు తెగినా కొమ్మకు కట్టిన కాడనే తెగుతది. బరువంతా ఆడనే గుంజుతది."

"పోవే! గుప్పెడంత లేవు, నాకు చెప్పొచ్చినవ్," అంది కొంరవ్వ నవ్వుతూ. పిట్ట నొచ్చుకుని పక్కనున్న కొమ్మ మీదికి ఎగిరి కూర్చుంది.

మధ్యాహ్నానికి వెదురుకర్రల తలలన్నీ ఒకచోట చేర్చి కట్టి, కాళ్లు గుండ్రంగా చాపి నిలబెట్టింది. చుట్టూ గొంగడి చుట్టింది. ముందర రెండు అంచులూ కలిపి తుమ్మముళ్లు గుచ్చింది. పొగ పోవడానికి నెత్తిన సందు వదిలింది. లోపల చిన్న మంట వేసి, పాపను వెచ్చగా పడుకోబెట్టింది. బయట నిలబడి చూసుకుని, "ఎంత ముద్దుగున్నవే!" అని గుడారానికే దిష్టి తీసింది.

పొద్దు వాలింది. గాలి వచ్చింది, కానీ కూర్చోలేదు. రొప్పుతూ వచ్చింది.

"కొంరవ్వా, తప్పు నాది గాదే తల్లీ! వాన ఎనకనుంచి నూకుతాంది. ఆగుదామంటే కాళ్లు ఆగుతలేవు!"

గాలి తగలగానే గుడారం ఉబ్బింది, బిగిసింది. నెత్తిమీద పాత గొంగడి పర్రున చిరిగింది. చిరుగులోంచి నల్లటి మబ్బు లోపలికి తొంగిచూసింది. గాలి గుంజినప్పుడల్లా చిరుగు ఇంకొంచెం కిందికి పాకుతోంది. అది కొత్త గొంగడి దాకా వచ్చిందంటే గుడారమంతా ఊడి పాప మీద పడుతుంది.

కొంరవ్వ నెత్తి కొట్టుకుంది. "అయ్యో, చిన్నపాటి పిట్ట చెప్పింది, పెద్దదాన్ని నేను ఇనకపోతి!"

ఏడుస్తూ కూర్చునే వేళ కాదు. వాకిలి దగ్గర ఒకదాని మీద ఒకటి పడిన కొత్త గొంగడి అంచు కోసింది. దాన్ని రెండు మడతలు వేసింది. బలానికి మధ్యలో తాడు పెట్టింది. మంటను పక్కకు జరిపింది, రాళ్లు పేర్చి ఎక్కింది. ఆ మడతను చిరుగులోంచి బయటికి తోసి పైన పరిచి, దబ్బనం కింది నుంచి పైకి గుచ్చింది. దబ్బనం బయటికి పోయింది.

పోయింది, బాగానే ఉంది. మరి బయటి నుంచి లోపలికి ఎవరు గుచ్చాలి? గుడారం ఎక్కుదామంటే మనిషి బరువుకు కూలిపోతుంది. కొంరవ్వ చెయ్యి పైకెత్తి అలాగే నిలబడిపోయింది. కింద పాప దగ్గింది.

"ఇటు నుంచి నేను గుచ్చుత! నువ్వు అటు నుంచి గుచ్చు!" అని పైనుంచి ఒక గొంతు వినబడింది.

పిగిలిపిట్ట! ఉరుముకు పిట్టలన్నీ ఆకుల్లో దూరుతుంటే, ఇది మాత్రం గుడారం నెత్తిన వాలింది. ముక్కుతో దబ్బనం పట్టుకుని, ఒళ్లంతా బిగబట్టి లోపలికి నెట్టింది. కొంరవ్వ లోపల అందుకుని లాగింది. మళ్లీ పైకి గుచ్చింది. పిట్ట మళ్లీ లోపలికి నెట్టింది.

"ఇటు గుచ్చు! ఇటు గుచ్చు!" అని పిట్ట, "ఇగో గుచ్చిన!" అని కొంరవ్వ. ఒక్కో కుట్టుకూ చిరుగు మూసుకుంటోంది. మిగిలిన ముక్కతో పొగసందు మీద లేచి వాలే మూత, కంటికి రెప్పలాంటి రెప్ప, కూడా కుట్టారు.

కానీ ఆ సందులోంచి పొగ అంతా పిట్ట మొహం మీదికే వస్తోంది. నెత్తి నల్లబడింది. కళ్లు మండి నీళ్లు కారుతున్నాయి.

"అవ్వా, మంట జెర ఆర్పవా? కండ్లు పోతున్నయ్!"

"ఆర్పితే పాప చలికి వణుకుతది తల్లీ..."

పిట్ట చెవి ఒగ్గి విన్నది. కింద పాప ఊపిరి గురగురలాడుతోంది.

"అట్లయితే ఆర్పకు. కుట్టు."

ఆఖరి కుట్టు మిగిలింది. గాలి ఈడ్చిన ఈడుపుకు మడత ఎగిరిపోబోయింది. పిగిలిపిట్ట దాని మీద కూర్చుని, గోళ్లతో గట్టిగా పట్టుకుంది. లోపల ఉన్న కొంరవ్వకు ఆ సంగతేం తెలుసు? దబ్బనం పైకి పొడిచింది. అది మడత దాటి, పిట్ట తోక కింద కసుక్కున దిగింది.

"కీచ్!"

"ఏమైందే?"

ఎగిరిపోతే మడత ఊడుతుంది. మడత ఊడితే పాప తడుస్తుంది. పిట్ట కదల్లేదు.

"ఏం కాలే. ముడి ఎయ్యి."

కొంరవ్వ ముడి వేసింది. అంతలో వాన వచ్చింది. గుడారం చుట్టూ తిరిగింది, నెత్తిన తడిమింది, రెప్పను లేపి చూడబోయింది. "ఏడా సందు లేదే!" అని సణుక్కుంది. తర్వాత కోపం తగ్గి, గొంగడి మీద మెల్లమెల్లగా జోకొట్టడం మొదలుపెట్టింది. పాప పాలు తాగి ఆ చప్పుడుకే నిద్రపోయింది.

తడిసి ముద్దయి వాకిట్లో వాలిన పిట్టను కొంరవ్వ ఒళ్లోకి తీసుకుంది. చేతికి నెత్తురు అంటింది. అప్పుడు అర్థమైంది. "నేనే పొడిచిన్నా? చెప్పవైతివి గదే!" అని ఘొల్లుమంది. పసుపు తీసింది, సున్నం తీసింది. తొందరలో సున్నం కొంత తోక పైన పడింది, అక్కడ తెల్లగా అంటుకుంది. మిగతాది పసుపులో కలిపి తోక కింద గాయానికి పెట్టింది. పసుపూ సున్నం కలిస్తే ఏ రంగో తెలుసు కదా? ఎర్రగా పండింది.

తెల్లారింది. గొర్రెగిట్ట గుంటలో వాననీళ్లు నిలిచాయి. పిట్ట అందులో చూసుకుని ఉలిక్కిపడింది. నెత్తి బొగ్గునలుపు! తడిసి పొగచూరిన ఈకలు పైకి లేచి కొసదేరి నిలబడ్డాయి. ఆ వెనకే నీళ్లలో గుడారం నెత్తి కనబడింది. రెండూ ఒకేలా ఉన్నాయి.

"రా తల్లీ, ఉడుకునీళ్లతో కడుగుత. పోతదేమో," అంది కొంరవ్వ.

పిట్ట వెనక్కి తిరిగి చూసింది. పాప మేలుకుని ఉంది. గాలిని చూడలేదు, మబ్బును చూడలేదు, కళ్లు నిలిపి ఈ పిట్టనే చూస్తోంది.

"వద్దవ్వా," అంది పిగిలిపిట్ట. "కడగకు. పిల్ల నన్ను గుర్తువట్టాలె గదా."

అప్పటినుంచే పిగిలిపిట్టకు నెత్తిన ఆ నల్లటి కొసజుట్టు, తోక పైన తెల్లమచ్చ, తోక కింద ఎర్రబొట్టు. ఈరోజుకీ వాన వచ్చేముందు అది కొమ్మ చివరన కూర్చుని జుట్టు నిక్కబొడుచుకుంటుంది, చూడండి. కింద ఎక్కడో పసిపాప ఉందని, గుడారం నెత్తి గట్టిగా ఉందో లేదోనని దాని బెంగ.