గొంతులో చిక్కిన 'రా'

అనగనగా ఒక కొండ, ఆ కొండ కింద ఒక ఊరు. ఊఁ కొట్టవేం? కాళ్ళు అలా తన్నకు, దుప్పటి ఊడిపోతోంది. ఆ కొండ నిండా రాగి గనులు. ఊళ్ళో మగవాళ్ళంతా పొద్దున్నే కొండెక్కి, గనుల్లో దిగి రాయి కొట్టేవాళ్ళు. ఆ రాయిని కంచరగాడిదలు గోనెల్లో మోసుకుని కిందికి దించేవి. అవి నడిచీ నడిచీ కొండ చుట్టూ ఒక బాట పడింది. ఎంత బాట? ఈ మంచం పట్టదు దాని మీద.

ఆ ఊళ్ళో ఒక అలవాటు ఉండేది. గనికి పోయేవాడు "పోయొస్తా" అనాలి. ఇంట్లోవాళ్ళు "పోయిరా" అనాలి. వట్టి 'పో' అంటే పోవడమే కదా. వెనక 'రా' ఉంటేనే తిరిగి రావడం. ఆ మాట అనిపించుకోకుండా ఎవరూ గనిలో దిగేవాళ్ళు కాదు.

అక్కడ ఓబులమ్మ అని ఒక పిల్ల ఉండేది. నీ ఈడుదే, నీకన్నా మొండిది. తల్లి లేదు పాపం. ఇంట్లో తనూ, నాయన చెన్నప్పా, ఇద్దరే. ఒకరోజు పొద్దున్నే నాయన దీపం బుడ్డి చేతికి తీసుకున్నాడు. అప్పుడు ఆ పిల్ల పంచె పట్టుకుని, "ఈపొద్దు పోవద్దు నాయనా, నాతో ఉండు" అంది.

"పని మానితే ఎట్లమ్మీ? పోయొస్తా" అన్నాడు.

ఓబులమ్మకి ఒళ్ళు మండింది. మూతి ముడిచి "పో!" అంది. 'రా' అనలేదు. నాయన గడపలో నిలబడి ఆ 'రా' కోసం చూశాడు. తర్వాత వెళ్ళిపోయాడు.

అప్పుడు ఓబులమ్మ నాయన వండిపెట్టిన సంగటి ముందు కూర్చుంది. ముద్ద దిగలేదు. నీళ్ళు తాగినా దిగలేదు. అనాల్సిన 'రా' గొంతులో అడ్డం పడింది మరి! కూర్చుంటే లేవాలనిపించింది, లేస్తే కూర్చోవాలనిపించింది. ఇక కాలు నిలవక, కంచరగాడిదల బాట పట్టి కొండెక్కింది.

మొదటి మలుపులో గంటలు మోగించుకుంటూ కంచరగాడిదలు ఎదురొచ్చాయి. వాటిని తోలే మస్తాన్ తాత, "కొండ పక్కకి ఆనుకో పాపా! లోయ పక్కన నిలబడితే గోనె తగిలి పడతావు!" అని కేకేశాడు. ఆరు గాడిదలు, పన్నెండు గోనెలు, ఓబులమ్మ పొట్ట రాసుకుంటూ పోయాయి.

"తాతా, మా నాయన గనిలోకి దిగినాడా?"

"దారిలో ఎదురైనాడు పాపా, గనిలోకి దిగింది మాత్రం నేను చూళ్ళేదు."

ఆ తర్వాత రెండో మలుపు. అక్కడంతా చిట్టెం గుట్టలు. చిట్టెమంటే రాగి కరగబోస్తే మిగిలే నల్ల మడ్డి, గట్టిపడితే గాజుపెంకే. ఒక ముక్క అరికాల్లో దిగింది. పీకి పారేసి కుంటుతూనే పరిగెత్తింది. కట్టెలు ఏరుకునే ఒక అవ్వని అడిగింది. "ఇంత ఎండెక్కినాక ఇంకా దిగకుండా ఉంటారా?" అంది అవ్వ. ఓబులమ్మకి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే నడిచింది.

మూడో మలుపు తిరిగితే గని నోరు. ఆ నోటి దగ్గర రాయి మీద, వెలిగించని దీపం ఒళ్ళో పెట్టుకుని, నాయన!

లోపల్నుంచి మేస్త్రి అరుస్తున్నాడు. "చెన్నప్పా, ఇది మూడోసారి పిలవడం! ఇప్పుడు దిగకపోతే రేపట్నుంచి రాబాక!"

"దిగలేదా నాయనా?"

"నువ్వు 'పో' అన్నావు కదమ్మీ, ఎట్ల దిగేది? రెండుసార్లు లేసినా, రెండుసార్లు కూలబడినా."

అప్పుడు ఓబులమ్మకి ఒక సంగతి తట్టింది. తను నోరు తెరవకపోతే నాయన దిగడు. పొద్దున తను అడిగింది అదే కదా! కానీ పని పోతే నాయన ఏం చేస్తాడు? గనిలోంచి చల్లగాలి తగులుతోంది. పిల్లకి చాలా భయమేసింది. గుటకలు మింగి, మింగి, చివరికి, "పోయిరా నాయనా" అంది.

నాయన దాని తల మీద చెయ్యి పెట్టాడు. దీపం వెలిగించుకుని దిగిపోయాడు.

ఆ తర్వాత ఓబులమ్మ ఆ రాయి మీదే కూర్చుంది. కూర్చుందంటే కూర్చుందా? నీలాగే, లేస్తుంది, తిరుగుతుంది, మళ్ళీ కూర్చుంటుంది. ఒక మనిషి గంప మోసుకొచ్చాడు, నాయన కాదు. ఇంకొకడు వచ్చాడు, వాడూ కాదు. పొద్దు వాలాక ఒళ్ళంతా దుమ్ముతో ఒకడొచ్చాడు. మొహం పోల్చుకోలేకపోయింది. "వచ్చినా అమ్మీ" అన్నాడు. గొంతు పోల్చుకుంది! ఒక్క గెంతున మెడకి చుట్టుకుంది. కొండ దిగేదాకా వదిలితే ఒట్టు.

ఆ రోజు నించీ ఓబులమ్మ ఎవర్నీ 'పో' అనలేదు. ఇంట్లో దూరిన కోడిని తోలినా "పోయిరా" అనేది. అది పోయి, మళ్ళీ వచ్చేది.

కథేమో కొండెక్కి కంచికి పోయింది,
కంచరగాడిద కొట్టానికొచ్చింది,
ఇల్లు చేరాం నువ్వూ నేనూ,
దుప్పట్లో దూరాం నేనూ నువ్వూ!