రన్‌వే మీద కుర్చీ

పరిమళ విమానం ప్రతి ఆదివారం నిక్షేపంగా పైకి లేచేది. ఇంటికి మాత్రం ముక్కలుగా వచ్చేది.

లేపడంలో లోపం లేదు. గాల్లో తిప్పడంలోనూ లేదు. కర్నూలు కరెంటాఫీసులో లెక్కలు చూసే పరిమళ నలభై దాటాక మొదలుపెట్టింది ఈ విద్యని. చేతిలో రిమోటు, ఆకాశంలో మూడు మూరల రెక్కలున్న బుల్లి విమానం. భర్త దీన్ని పిల్లల ఆట అన్నాడు. అత్తగారు ఏమీ అనలేదు గానీ, చుట్టాలొచ్చినప్పుడు మాట మార్చేసేది.

నేర్పేది జైబున్నీసా మేడమ్. ఎన్‌సీసీ పిల్లలకి విమానాలు కట్టడం, ఎగరేయడం నేర్పి రిటైరైన మనిషి. ఎండకి టోపీ, టీకి ఫ్లాస్కు, ఇవి తప్ప ఆవిడ వెంట ఏమీ ఉండేవి కావు. మాటలు అంతకన్నా తక్కువ.

మొదట్లో అందరికీ వచ్చే తికమకే పరిమళకీ వచ్చింది. విమానం మన నుంచి దూరంగా పోతున్నంతసేపు కుడి కుడే, ఎడమ ఎడమే. అది ముక్కు తిప్పి మనవైపు రావడం మొదలెట్టిందా, రెండూ తారుమారైపోతాయి. కుడికి పొమ్మంటే ఎడమకి పోతుంది. మీసాలు తిరిగిన వాళ్ళు కూడా అక్కడే బోర్లా పడుతుంటారు.

"నీ వైపు వస్తున్నప్పుడు కుడీ ఎడమా మర్చిపో," అన్నారు మేడమ్. "ఏ రెక్క వాలిందో రిమోటు మీది స్టిక్కుని ఆ పక్కకి నెట్టు. వాలిన రెక్క కింద చెయ్యి పెట్టి లేపుతున్నట్టు."

అంతే. ఆ మాట పట్టుకుని పరిమళ నెల తిరక్కుండా గాల్లో ఎనిమిది అంకె చుట్టేసింది. ఆమె కన్నా ముందు చేరినవాళ్ళు నోళ్ళు తెరుచుకుని చూశారు.

చిక్కంతా దించడంలోనే.

వాళ్ళు ఎగరేసే చోటు ఊరి బయట ఒక వెంచరు. ఎవరో ప్లాట్లు అమ్ముకుందామని చదును చేయించి, ముందు ఆర్చీ కట్టించి, నడుమ వెడల్పాటి తారురోడ్డు వేయించారు. ప్లాట్లు అమ్ముడుపోలేదు. రోడ్డు మాత్రం బారుగా, నున్నగా మిగిలిపోయింది. అదే వీళ్ళ రన్‌వే. దానికి ఒక పక్క కంకర కుప్పలు, రెండో పక్క జొన్న కోసేసిన నల్లరేగడి చేను.

అక్కడ కట్టుబాటు ఒక్కటే. విమానం దించేవాళ్ళు "ల్యాండింగ్" అని కేకేయాలి. రోడ్డు మీదున్నది ఎవరైనా సరే తప్పుకోవాలి. చిన్నా పెద్దా లేదు, పాతా కొత్తా లేదు.

ఆదివారం పొద్దున ఏడెనిమిది మంది చేరేవారు. మేడమ్, పరిమళ తప్ప అందరూ మగవాళ్ళే. వాళ్ళలో ఎవరైనా ఆ మాట అరవనక్కర కూడా లేదు, గొంతు సవరించుకుంటే చాలు, రోడ్డు ఖాళీ అయిపోయేది. పరిమళ మాత్రం "ల్యాండింగండీ" అనేది. ఆ మాటకి "అండీ" తగిలించిన మనిషి అక్కడ ఆమె ఒక్కతే. అన్న మాటలో సగం గాలి పట్టుకుపోయేది. మిగతా సగం ఆమె గొంతులోనే ఉండిపోయేది.

రోడ్డు మీద నుంచి ఎవరూ జరిగేవారు కాదు. ఒకాయన నడిరోడ్డు మీద విమానాన్ని వెల్లకిలా పడేసుకుని స్క్రూలు బిగించుకుంటూ ఉండేవాడు. ఇద్దరు ఫోన్లో రీలు తీసుకునేవారు. కావాలని చేసేవాళ్ళు కాదు పాపం. అదే చిక్కు. కావాలని చేస్తే ఇంటికెళ్ళి నాలుగు తిట్లు తిట్టుకోవచ్చు. వాళ్ళకి ఆమె మాట నిజంగానే వినపడేది కాదు. వినపడాల్సిన అవసరం అంతవరకూ ఎవరికీ రాలేదు మరి.

పరిమళ ఇంకో చుట్టు తిప్పేది. ఇంకోటి. చివరికి చేలో దించేది. కోత తర్వాత మిగిలిన జొన్న కొయ్యకాళ్ళకి తగిలి ఒక వారం చక్రం ఊడేది, ఒక వారం ప్రొపెల్లర్ విరిగేది, ఒక వారం రెండూ.

"పరిమళక్క చేలో దించినట్టు మనమెవరం దించలేమప్పా," అనేవాడు గిడ్డయ్య. బైకుల షోరూములో మేనేజరు, మంచివాడు. ఆ మాట అతను మెచ్చుకోలుగానే అనేవాడు. ఆమె మెచ్చుకోలుగానే తీసుకునేది.

మెచ్చుకోళ్ళ విషయంలో పరిమళకి ముందు నుంచీ అలవాటు అలాంటిదే. "మా కోడలు ఇంట్లో ఉందో లేదో కూడా తెలియదు" అని అత్తగారు పదిమందిలో పొగిడేది. ఒక మనిషి ఉందో లేదో తెలియకపోవడం పొగడ్త ఎలా అయిందని పరిమళ అడగలేదు. పైగా అది తన గొప్పే అనుకుంది. బస్సులో సీటైనా, బీరువాలో ఒక అరైనా, ఆఫీసులో ఫ్యాను కింద చోటైనా నోరు తెరిచి అడిగిన పాపాన పోలేదు. ఎదుటివాళ్ళ వైపు చూసి చిన్నగా నవ్వి నిలబడేది. దయ కలిగినవాళ్ళు జరిగేవారు. కలగకపోతే నిలబడే ఉండేది.

ఆ వానాకాలమంతా కూర్చుని ఆమె కొత్త విమానం కట్టుకుంది. తేలికైన బాల్సా చెక్క కోసి, రెక్కలకి పక్కటెముకలు అతికించి, పసుప్పచ్చ కాగితం ముడతలు లేకుండా బిగించి కట్టింది. వంటింటి గట్టు మీద దాని రెక్కలు ఆరుతుంటే ఆ రాత్రి బయట నుంచి తెచ్చుకుని తిన్నారు. ఇంటిల్లిపాదీ ఆమె వల్ల ఇబ్బంది పడటం అదే మొదటిసారి. ఆమె క్షమాపణ చెప్పలేదని ఎవరూ గమనించలేదు.

ఈసారి కూడా విరిగితే రిమోటు అటక మీద పెట్టేసి ఇక వెళ్ళనని మనసులో గట్టిగా అనుకుంది. మళ్ళీ కట్టే ఓపిక లేదు. విరిగిన రెక్కలు ఏరుకుంటుంటే ఏడుపు వచ్చేది, ఆ ఏడుపు కూడా ఎవరికీ వినపడకుండా ఏడవాల్సి వచ్చేది.

కొత్త విమానాన్ని ఎగరేసే ముందు మేడమ్ దగ్గరికి వెళ్ళింది.

"నాకు తక్కువ చోట్లో దించడం నేర్పండి మేడమ్."

"ఎంత తక్కువ?"

"రోడ్డు అంచున ఒక రెండడుగులు చాలు. ఎవరికీ అడ్డం లేకుండా దించేసుకుంటాను."

మేడమ్ కళ్ళద్దాలు తీసి, కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"ఆదివారం చూద్దాం," అన్నారు.

ఆదివారం గాలి నిలకడగా ఉంది. పసుప్పచ్చ విమానం రోడ్డు మీద పరుగెత్తి, ఎవరో తేలిగ్గా ఎత్తి పట్టుకున్నట్టు పైకి లేచింది. పరిమళ రోడ్డు అంచున నిలబడి దాన్ని ఎత్తుకి తీసుకెళ్ళింది. ఎండ పడి రెక్కల్లోని పక్కటెముకలు ఒక్కొక్కటీ కనిపించాయి. తను కోసినవే. ఏ ముక్క ఏ పూట అతికించిందో చెప్పగలదు.

అప్పుడు మేడమ్ లేచి ఆర్చీ పక్కనున్న వాచ్‌మన్ గదిలోంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకున్నారు. నేరుగా నడిచి వెళ్ళి రోడ్డు నట్టనడుమ వేసుకున్నారు. కూర్చున్నారు. ఫ్లాస్కు మూత తిప్పారు.

మేడమ్ కూర్చున్న చోటు కాబట్టి మిగతావాళ్ళూ చేరారు. ఒకరు గొంతుక్కూర్చున్నారు, ఒకరు నేల మీదే బాసింపట్టు వేసుకున్నారు. మేడమ్ తలా ఒక కప్పు పోశారు. రన్‌వే కాస్తా టీ కొట్టయిపోయింది.

పరిమళ నవ్వుకుంది. మేడమ్ తనకి పరీక్ష పెట్టారు, ఆ అంచున మిగిలిన రెండడుగుల్లోనే దించి చూపించమంటున్నారు అనుకుంది. విమానాన్ని తిప్పి, ఎత్తు తగ్గించి, రోడ్డు వైపు తీసుకొచ్చింది. వాళ్ళ తలల దగ్గరికి వచ్చేసరికి రెక్క కొస ఎక్కడ పడుతుందో తెలిసిపోయింది. అంచున దించితే రెక్క గిడ్డయ్య మెడకి తగులుతుంది. వేగం పెంచి పైకి లాగేసింది.

"ల్యాండింగండీ," అంది.

ఎవరూ కదల్లేదు. మేడమ్ టీ ఊదుకుంటున్నారు.

ఇంకో చుట్టు వచ్చింది. ఈసారి చేనే గతి అనుకుని అటు వాల్చబోయింది. అప్పుడు కనిపించారు. ట్రాక్టర్ చప్పుడు ఎప్పుడో విన్నది గానీ విమానం మీంచి చూపు తిప్పలేదు. చేను నిండా ఆడవాళ్ళు దిగి ఉన్నారు, వంగి కొయ్యకాళ్ళు ఏరుతున్నారు. మళ్ళీ పైకి లాగింది.

"మేడమ్, కొంచెం..." అంది.

ఆ కొంచెం ఎంతో ఎవరికీ తెలియలేదు.

గిడ్డయ్యకి సంగతి అర్థమైంది. లేవబోతూ, "అక్క దించుకోవల్లంట, జరగండప్పా," అన్నాడు.

మేడమ్ అతని వైపు తిరిగారు. "పైన తిరిగేది నీ విమానమా?"

"కాదు మేడమ్."

"అయితే నీ నోరెందుకు నొప్పి చేసుకుంటావు? కూర్చుని టీ తాగు."

గిడ్డయ్య కూర్చున్నాడు.

పరిమళ చేతుల్లో రిమోటు కీచుమంది. విమానం బ్యాటరీ అయిపోవస్తోందన్న హెచ్చరిక. ఇంకాసేపటికి మోటారు దానంతట అది ఆగిపోతుంది. ఆగిన విమానం ఎక్కడ దిగాలో ఎవరినీ అడగదు. కంకర మీద పడితే ముక్కలవుతుంది. చేలో పడితే ఎవరి వీపు మీదో పడుతుంది.

ఇన్నేళ్ళూ అక్కరకొచ్చిన నవ్వు ఇప్పుడు పనికిరాదు. నవ్వాలంటే వాళ్ళ వైపు చూడాలి. చూపు విమానం మీంచి తిప్పిందా, విమానం పోయినట్టే. చేయి ఊపుదామంటే రెండు చేతులూ స్టిక్కుల మీదున్నాయి. ఇక మిగిలింది నోరొక్కటే.

అందులోనూ కుర్చీలో ఉన్నది గురువు. గురువుని లెమ్మని చెప్పడమా? ఎలా చెప్పాలి? దయచేసి అనాలా, ఏమీ అనుకోకండి అని మొదలెట్టాలా? ఆ మర్యాదలన్నీ పేర్చుకునేలోపు రిమోటు రెండోసారి కీచుమంది.

"ల్యాండింగ్."

మాట రోడ్డు ఆ చివరి దాకా వెళ్ళింది.

"రోడ్డు మీద ఎవరూ ఉండొద్దు. లేవండి అక్కణ్ణుంచి. మేడమ్, మిమ్మల్నే. కుర్చీ తీసుకుని పక్కకి రండి. ఇప్పుడే."

చేలో ఆడవాళ్ళు నడుములెత్తి చూశారు. గొంతు పెద్దదని కాదు, అలాంటి గొంతు వాళ్ళకి కొత్త కాదు. చేను ఈ గట్టు నుంచి ఆ గట్టుకి వాళ్ళు రోజూ మాట్లాడుకునేది అలాగే. ఇటు పక్క నుంచి వచ్చిందేమిటా అని చూశారు.

మగవాళ్ళు కప్పులు వదిలేసి కంకర వైపు పరుగెత్తారు. ఒకాయన ప్యాంటు మీద టీ ఒలికింది. మేడమ్ తాపీగా లేచి, కుర్చీ చేత్తో పట్టుకుని, రోడ్డు దాటి పరిమళ వెనక్కి వచ్చి నిలబడ్డారు.

పరిమళ అదేమీ చూడలేదు. విమానం ముక్కు తనవైపే ఉంది. ఆఖరి మలుపులో మోటారు ఆగిపోయింది. చప్పుడు లేకుండా జారుతూ వస్తోంది. పక్క నుంచి గాలి తోసింది, ఒక రెక్క వాలింది. ఏ రెక్క అని ఆమె ఆలోచించుకోలేదు, వేలు దానంతట అదే అటు నెట్టింది. రెక్కలు సమమయ్యాయి. చక్రాలు రోడ్డు మధ్యలో ఆనాయి, ఒకసారి ఎగిరి మళ్ళీ ఆనాయి, దొర్లుకుంటూ వచ్చి ఆగాయి.

వెళ్ళి చూసుకుంది. చక్రాలున్నాయి. ప్రొపెల్లర్ ఉంది. చెయ్యి పెట్టి రెక్క మొదలు నుంచి చివరిదాకా తడిమింది. కాగితం కూడా చిరగలేదు.

ప్యాంటు మీద టీ పడినాయన తుడుచుకుంటూ వచ్చాడు. "అంతలావు అరవాలా అక్కా? నిమ్మళంగా చెప్తే జరగమా?"

"రెండుసార్లు నిమ్మళంగానే చెప్పాను," అంది పరిమళ.

ఆయన గిడ్డయ్య వైపు చూశాడు. గిడ్డయ్య ఆకాశం వైపు చూశాడు.

విమానాన్ని చంకలో పెట్టుకుని మేడమ్ దగ్గరికి వచ్చింది పరిమళ. కళ్ళెత్తలేకపోయింది. గురువుని పట్టుకుని అంతమంది ముందు లేవమని గద్దించానని, అలా ఎప్పుడూ, ఎవరితోనూ అనలేదని, ఏదో నోటికొచ్చినట్టు చెప్పుకుపోతోంది.

మేడమ్ ఫ్లాస్కులో మిగిలిన టీ కప్పులో పోసి ఆమె చేతికిచ్చారు.

"ల్యాండింగుకొచ్చిన విమానానికి గురువేమిటి, శిష్యులేమిటమ్మా?" అన్నారు. "రోడ్డు మీద కూర్చున్నంతసేపు నేనూ అడ్డమే."