కోడి పోసిన రాళ్ళకుప్ప

ఒకప్పుడు కోడి నేల కెలికేది కాదు. కాళ్ళకు మట్టి అంటకుండా ఒద్దికగా నడిచేది. ముందు పోసిన గింజలే తినేది.

ఆ రోజుల్లో పెద్ద వరద వచ్చింది. కోడి పొదుగుతున్న గుడ్డు కొట్టుకుపోయింది. దానికి ఉన్నది ఆ ఒక్కటే. నీళ్ళు తగ్గాక చూస్తే గింజలు, ఆకులు, రాళ్ళు అన్నీ కలిసిపోయి ఎర్రటి బురదలో పడి ఉన్నాయి.

భూమి మూలిగింది. "ఇదంతా నెత్తిన పెట్టుకుని నేనేం మొలిపించేది? ఎవరైనా ఏ రకానికి ఆ రకం కుప్పలు పొయ్యండి. గింజలు మొలిపిస్తా. ఆకులు ఎరువు చేసుకుంటా. రాళ్ళు మింగేస్తా. మింగింది మాత్రం మళ్ళీ ఇవ్వను."

"నేను పోస్తా" అంది కోడి. ఏరుతుంటే తన గుడ్డు దొరకదా అని దాని ఆశ.

చీమ సాయానికి వచ్చింది. కోడి ముక్కుతో గబగబా ఏరింది. చిన్నవి గింజలు. పలచనివి ఆకులు. గుండ్రంగా ఎర్రగా ఉన్నవి రాళ్ళు.

"అత్తా, ఊరికే చూసి వేరు చెయ్యకు. ముట్టుకుని చూడు. బతికున్నవి వెచ్చగా ఉంటాయి, అవి ఒక పక్కన పెడదాం" అంది చీమ.

"నలుసంత లేవు, నాకు చెప్పొచ్చావటే? ఒక్కొక్కటీ తడుముతూ కూచుంటే తెమిలినట్టే. నా గుడ్డు తెల్లగా ఉంటుంది. కనబడితే నాకు తెలీదా?"

చీమ తల వంచుకుని గింజలు మొయ్యసాగింది.

పొద్దు వాలింది. భూమి మూడో కుప్ప చూసి అడిగింది. "ఇవన్నీ రాళ్ళేనా కోడమ్మా?"

"రాళ్ళే. తీసుకో."

భూమి నోరు తెరిచి, ఆ కుప్పంతా మింగేసింది.

గుడ్డు ఎక్కడా దొరకలేదు. కోడి దిగులుగా కూచుంటే చీమ భయపడుతూ దగ్గరికొచ్చింది.

"అత్తా, ఆ రాళ్ళలో ఒకటి దొర్లి నా మీసానికి తగిలింది. పైనంతా బురదే. కానీ వెచ్చగా ఉంది."

"అప్పుడే చెప్పొద్దటే?"

"నువ్వు కసిరావు కదా."

కోడి భూమిని బతిమాలింది.

"ఇవ్వనని ముందే చెప్పాను కదమ్మా" అంది భూమి.

కోడి కాళ్ళతో తవ్వింది. గోళ్ళు అరిగాయి. రాళ్ళే వచ్చాయి. ఈసారి ఒక్కొక్కదాన్నీ ముట్టుకుని చూసింది. అన్నీ చల్లగానే ఉన్నాయి.

అప్పటినుంచే చీమ, దారిలో ఏది ఎదురైనా మీసంతో ముట్టుకోనిదే కదలదు. కోడి ముందు చేటెడు నూకలు పోసినా, అది ముందు నేల కెలుకుతుంది. ఒక అడుగు వెనక్కి వేస్తుంది. తల పక్కకు వంచి ఒంటికన్నుతో ఆ గుంటలోకి చూస్తుంది. మళ్ళీ కెలుకుతుంది.

గింజల కోసమని మనం అనుకుంటాం.