గాలిబిలంలో పిలుపు

అనగనగా ఒక ఊళ్ళో, గునపం వేస్తే మన్ను కన్నా ముందు రాయే తగిలే ఊళ్ళో, మద్దిలేటి అనే ఆయన ఉండేవాడమ్మా. ఆ ఊళ్ళో గోడలూ రాయే, అరుగులూ రాయే, ఇంటి కప్పులూ రాయే. నల్లటి నాపరాళ్ళు, తలుపంత పొడుగ్గా ఉంటాయి. వాటిని పైకెత్తి, ఒకదాని అంచు మీద ఇంకొకటి ఆనించి, చుక్క నీరు కారకుండా కప్పు పరిచేది మద్దిలేటే. ఇద్దరు పట్టుకున్నా కదలని బండని ఒక్కడే భుజానికెత్తుకునేవాడు.

ఆయనకి అమ్మానాన్నా లేరు. సుంకక్క అని ఒక అక్క ఉంది. చిన్నప్పటినుంచీ ఆమే పెంచింది.

ఊరి పక్కనే ఒక కొండ. ఆ కొండలో ఒక బిలం. దాన్ని గాలిబిలం అనేవాళ్ళు. ఎందుకంటే ఆ కొండ ఊపిరి తీసుకునేది. నిజంగానే అమ్మా. ఒక పూట గాలిని లోపలికి పీల్చేది, ఇంకో పూట చల్లగా బయటికి వదిలేది. నోటి దగ్గర గడ్డి అటు వాలి, మళ్ళీ ఇటు వాలేది. లోపల ఎంత దూరం ఉందో చూసి వచ్చినవాళ్ళు లేరు. మేకలు కూడా ఆ నోటి దాకా పోయి, చెవులు రిక్కించి, వెనక్కి తిరిగేవి.

అట్లా ఉండగా ఒక ఏడాది, వానలు వెలిశాక, మద్దిలేటికి మనసులో ఒక దిగులు పట్టుకుంది. ఎందుకు పట్టుకుందో తెలీదు. ఎవరూ ఏమీ అనలేదు. ఇంట్లో ఎవరూ చనిపోలేదు. జొన్న కంకి కూడా ఆ ఏడు నిండుగానే ఉంది. అయినా పట్టుకుంది. ముందు అన్నానికి రుచి పోయింది. ఆ తర్వాత నిద్ర పోయింది. ఆ తర్వాత ఒకరోజు సగం కప్పిన ఇంటి గోడ మీద నిలబడి, చేతిలో ఉన్న బండని ఎక్కడ పెట్టాలో తెలిసీ, ఎందుకు పెట్టాలో తెలీక, అట్లాగే నిలబడిపోయాడు. కిందివాళ్ళు పిలిచి పిలిచి, చివరికి పైకెక్కి దించుకొచ్చారు.

అప్పటినుంచి మంచం దిగలేదు.

సుంకక్క ఊరుకుంటుందా? పుల్లన్న చిన్నాయనని పిలుచుకొచ్చింది. ఆయన గుమ్మంలో నిలబడి, ఇంత ఒళ్ళు పెట్టుకుని మంచాన పడుకోవడానికి సిగ్గులేదా అని గట్టిగా కేకలేసి పోయాడు. మద్దిలేటికి సిగ్గు మాత్రం పెరిగింది. ఆ తర్వాత పక్కూరినుంచి మంత్రగాడు వచ్చి వేపరెమ్మలతో ఒళ్ళంతా దిగదుడిచి, చేతికి తాడు కట్టి పోయాడు. తాడు తాడులాగే ఉంది. ఆ తర్వాత సుంకక్క తనే పొద్దున్నే లేచి, తమ్ముడికి ఇష్టమని కొర్రన్నం వండి, ఎండబెట్టి దాచిన చింతచిగురుతో పప్పు చేసి, ముద్దలు కలిపి నోటి దగ్గర పెట్టింది. ఒక్క ముద్ద నమిలాడు. మింగలేకపోయాడు. అక్క మొహం పక్కకి తిప్పుకుని కళ్ళు తుడుచుకుంది. అది చూశాడు.

అది చూసినాక మద్దిలేటికి ఒక ఆలోచన వచ్చింది. నేను లేకపోతే మా అక్క సుఖంగా ఉంటుంది కదా, అని. అది అబద్ధమమ్మా. కానీ ఆ జబ్బు అట్లాంటిది. అది మన గొంతుతోనే మనకి అబద్ధాలు చెబుతుంది. మన గొంతే కాబట్టి మనం నమ్ముతాం.

ఒకరోజు అందరూ వేరుశనగ పీకడానికి చేలకి పోయారు. ఊరు ఖాళీ. అప్పుడు మద్దిలేటి మంచం దిగి, నిదానంగా నడుచుకుంటూ గాలిబిలం దగ్గరికి పోయాడు. చెప్పులు బయట విడిచాడు. లోపలికి పోయాడు.

కొంత దూరం వెలుతురు వెంట వచ్చింది. ఆ తర్వాత మలుపు. ఆ తర్వాత ఏమీ లేదు. కళ్ళు మూసినా తెరిచినా ఒకటే. గోడ తడుముకుంటూ పోయాడు. రాయి నున్నగా, చల్లగా, తడి తడిగా ఉంది. ఎక్కడో లోతున నీళ్ళు పారుతున్న చప్పుడు. ఊరు పుట్టకముందు నుంచీ పారుతున్న నీళ్ళవి. ఆ చప్పుడు దగ్గర కూలబడ్డాడు. ఇక లేవనని అనుకున్నాడు.

మధ్యాహ్నం సుంకక్క అన్నం పెడదామని ఇంటికొచ్చింది. మంచం మీద దుప్పటి ఉంది, మనిషి లేడు. వెతుక్కుంటూ పోయి బిలం దగ్గర చెప్పులు చూసింది. ఊళ్ళో వాళ్ళకి తెలిస్తే ఏమనుకుంటారో అన్న ఆలోచన ఆమెకి రానే లేదు. చేల వైపు తిరిగి ప్రాణమంతా గొంతులో పెట్టి అరిచింది. చేతుల్లోని వేరుశనగ చెట్లు చేతుల్లోనే ఉండగా జనం పరిగెత్తుకొచ్చారు.

అప్పుడు దీపం పట్టుకుని ఒకాయన లోపలికి పోయాడు. కొండ ఊపిరి వదిలింది, దీపం ఆరిపోయింది. ఆ తర్వాత ఊళ్ళో మోకులన్నీ ముడేసి నడుముకి కట్టుకుని ఇంకొకాయన పోయాడు. రెండు మలుపులు తిరిగేసరికి మోకు అయిపోయింది. అందరూ కలిసి నోటి దగ్గర నిలబడి పిలిచారు. ఆ పిలుపు లోపల వెయ్యి ముక్కలై, అన్ని గోడలకీ తగిలి, ఏ వైపునుంచి వస్తుందో తెలియకుండా పోయింది.

అప్పుడు హుసేన్‌బీ అత్త ముందుకొచ్చింది. పెద్దావిడ. ఊళ్ళో అందరూ ఆమెని అత్త అనే పిలుస్తారు. ఆమె చెప్పింది ఇంతే. ఒకరి గొంతు ఒకరికి వినబడేంత దూరంలో ఒక్కొక్కరు కూర్చోండి, కూర్చున్నవాళ్ళు కదలొద్దు, మిగిలినవాళ్ళు వాళ్ళని దాటి ముందుకి పోతూనే ఉంటారు. అందరికన్నా ముందు నేనుంటానంది సుంకక్క. అత్త ఒప్పుకోలేదు. "నువ్వు ఈ నోటి కాడే ఉండు సుంకక్కా. ఎంతసేపైనా ఇక్కణ్ణించి లేవకుండా ఉండేది నువ్వొక్కదానివే," అంది.

ఆ బిలం పేరు చెబితేనే భయపడే జనం అమ్మా వాళ్ళు. ఒక్కొక్కరే లోపలికి పోయి, ఒక్కొక్కరే చీకట్లో కూర్చున్నారు. పక్కన ఎవరూ లేరు. కంటికి ఏమీ కనబడదు. ముందొక గొంతు, వెనకొక గొంతు, అంతే. పిల్లలున్న తల్లులు కూర్చున్నారు. కేకలేసిన పుల్లన్న చిన్నాయన కూర్చున్నాడు. ఉమ్మడి గోడ మీద తగాదా పడి మద్దిలేటితో ఏళ్ళ తరబడి మాటల్లేని కాశన్న, అందరికన్నా లోతుకి పోయి కూర్చున్నాడు. అతన్ని దాటి ముందుకి పోయింది హుసేన్‌బీ అత్త ఒక్కతే.

లోపల మద్దిలేటి తల మోకాళ్ళ మీద పెట్టుకుని ఉన్నాడు. నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. అప్పుడు ఎక్కడో దూరంగా ఒక పిలుపు.

"మామా."

చెవి భ్రమ అనుకున్నాడు. ఆ తర్వాత ఇంకాస్త దగ్గరగా, ఇంకో గొంతు.

"అన్నా."

ఆ తర్వాత ఇంకోటి. "అబ్బోడా." అది చిన్నాయన గొంతు. ఆ తర్వాత బావా అని ఒకరు, పెదనాయనా అని ఒకరు, మరిదీ అని ఒకరు. ఎవరి వరసతో వాళ్ళు పిలుస్తున్నారు. ఒక గొంతు ఆగితే ఇంకో గొంతు అందుకుంటోంది. చీకట్లో ఆ పిలుపులు నడిచి వస్తున్నట్టే ఉంది. మద్దిలేటి తలెత్తాడు. ఇంతమందా? ఈ కొండ కడుపులోకి, ఈ చీకట్లోకి, ఇంతమంది నా కోసమా?

ఆ తర్వాత బాగా దగ్గరగా, బొంగురుగా, "మద్దిలేటీ" అని వినబడింది. కాశన్న. ఎన్నేళ్ళయిందో ఆ గొంతులో తన పేరు విని.

బదులు పలకబోయాడు. ఏడుపు మాత్రం వచ్చింది. ఆ ఏడుపు చప్పుడు పట్టుకునే హుసేన్‌బీ అత్త పాక్కుంటూ వచ్చింది. చెయ్యి తగిలింది. పట్టుకోలేదు, లాగలేదు. పక్కన కూర్చుంది, అంతే. ఊపిరి కుదుటపడే దాకా ఆగి, అప్పుడు అడిగింది.

"బతకాలని లేదా నాయనా?"

అట్లా ఎవరూ ఆయన్ని అడగలేదమ్మా. అడిగితే ఏమవుతుందోనని అందరికీ భయం. మద్దిలేటి చెప్పాడు.

"లేదత్తా."

ఆమె తిట్టలేదు. తప్పు అనలేదు. "చెప్పినావు గదా. ఇంక దీన్ని నువ్వొక్కడివే మోసే పని లేదు," అంది. ఆ తర్వాత తన సంగతి చెప్పింది. రెండో కాన్పు అయ్యాక తనకీ ఇట్లాగే వచ్చిందట. బిడ్డ పక్కన ఏడుస్తుంటే ఎవరి బిడ్డో ఏడుస్తున్నట్టు ఉండేదట. వాళ్ళమ్మ ఒక్క క్షణం వదలకుండా పక్కనే ఉండి, పట్నంలో మనసు జబ్బులు చూసే డాక్టరు దగ్గరికి తీసుకుపోయిందట.

"పోతుందా అత్తా?"

"పోతాది. ఒక్కసారే పోదు. పోయేదాకా నీ కాడ ఎవరో ఒకరం ఉంటాం."

అప్పుడు అత్త వెనక్కి తిరిగి ఒక్క మాట అంది. "ఉండాడు." కాశన్న ఆ మాట అందుకున్నాడు. ఉండాడు. చిన్నాయన అందుకున్నాడు. ఉండాడు, ఉండాడు అంటూ ఆ మాట మనిషి నుంచి మనిషికి, మలుపు నుంచి మలుపుకి, సన్నబడుతూ సన్నబడుతూ పోయింది. మద్దిలేటి చెవులు రిక్కించి విన్నాడు. తను ఉన్నానన్న మాట అంత దూరం ప్రయాణం చేస్తుంటే విన్నాడు. ఆ చివర, కొండ అవతల ఉన్నంత దూరంలో, సన్నగా అక్క ఏడుపు వినబడింది.

లేచాడు. ఆ తర్వాత ఒక చెయ్యి, ఇంకో చెయ్యి, ఇంకో చెయ్యి, ఆయన్ని అందుకుని ముందుకి అందించాయి. చీకట్లో ఏది ఎవరి చెయ్యో తెలీదు. అన్నీ వెచ్చగా ఉన్నాయి. వెనకనుంచి కొండ ఊపిరి వదులుతూ ఉంటే, ఆ గాలి వీపుకి తగులుతుండగా, బయటికి వచ్చాడు. ఇంకా ఎండ ఉంది. సుంకక్క తమ్ముడి తల తన భుజానికి ఆనించుకుంది.

అంతటితో జబ్బు పోయిందనుకునేవు. పోలేదమ్మా. మర్నాడే అక్కా, అత్తా బండి కట్టించుకుని ఆయన్ని పట్నం తీసుకుపోయారు. ఆ డాక్టరమ్మ తొందరపడకుండా అంతా విని, మందులిచ్చి, మానకుండా వాడమంది, మళ్ళీ మళ్ళీ రమ్మంది. ఊళ్ళో వాళ్ళు వంతులేసుకుని ఇంటికి వచ్చి కూర్చునేవాళ్ళు. కొందరు కబుర్లు చెప్పేవాళ్ళు. కాశన్న వచ్చి ఏమీ మాట్లాడకుండా వేరుశనగ కాయలు వలుచుకుంటూ కూర్చుని, చీకటి పడుతుంటే లేచి పోయేవాడు. చిన్నాయన ఒకరోజు, నాకు తెలీక అరిచినానురా అబ్బోడా, అన్నాడు.

చాలా రోజులు ఏ మార్పూ లేదు. ఆ తర్వాత ఒకరోజు మజ్జిగ తాగుతూ, ఉప్పు ఎక్కువైందక్కా, అన్నాడు. సుంకక్క వంటింట్లోకి పోయి గోడకి ఆనుకుని నవ్వింది, ఏడ్చింది. ఆ తర్వాత నిద్ర వచ్చింది. మళ్ళీ వానలు వచ్చేలోపు మద్దిలేటి కాశన్న ఇంటి కప్పు పరిచాడు.

రెండేళ్ళు బాగానే గడిచాయి. ఆ తర్వాత ఒక పొద్దున లేచేసరికి లోకమంతా మళ్ళీ బూడిదరంగులో కనబడింది. మద్దిలేటి కాసేపు మంచం మీద కూర్చున్నాడు. అప్పుడు లేచి, చెప్పులేసుకుని, వీధి దాటి, హుసేన్‌బీ అత్త వాకిట్లోకి పోయి నిలబడ్డాడు. ఆమె రొట్టెలు తడుతోంది.

"అత్తా, మళ్ళీ వచ్చింది," అన్నాడు.

ఆమె పొయ్యిలో మంట తగ్గించి, చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుంటూ లేచింది. "పద నాయనా," అంది. ఇద్దరూ కలిసి పట్నానికి, డాక్టరమ్మ దగ్గరికి బయల్దేరారు.

కథ నడిచె కంచికి,
కునుకు నడిచె కంటికి,
నువ్వు జరుగు నా పక్కకి.