చవకబారు అన్న మాట

గుంటూరులో పరుపుల కొట్టు నడిపే పానకాలరావుకు, ధర తక్కువైన ప్రతి వస్తువునూ చవకబారుదని తీసిపారేసే అలవాటు ఉండేది.

కొట్టు ఎదుట రోడ్డు పక్కన దీనమ్మ అనే ఆమె పాత నూలు చీరలతో బొంతలు కుట్టి అమ్ముకునేది. బేరానికి ఎవరాగినా పానకాలరావు గుమ్మంలోంచే, "అవి చవకబారు సరుకమ్మా! నాలుగు ఉతుకులకు పీలికలైపోతాయి" అనేవాడు. జనం వెనక్కి తగ్గేవారు. కొన్నాళ్లకు దీనమ్మ రావడం మానేసింది.

ఆ వేసవిలో అతని భార్య సుగుణ తుంటి ఎముక విరిగి మంచాన పడింది. కొట్టులోకెల్లా ఖరీదైన పరుపు తెచ్చి వేశాడు. దాని వేడికి ఆమె వీపు చెమటతో నాని ఒరుసుకుపోయింది. కొట్టు చూసుకోవాలి, ఇంట్లో సేవ చెయ్యాలి. పానకాలరావుకు కూర్చుంటే లేవబుద్ధి అయ్యేది కాదు. కట్టు మార్చడానికి వచ్చిన నర్సు, "పరుపు మీద పాతచీరల బొంత వేయండి, చెమట పీల్చుకుంటుంది" అంది.

అడిగి అడిగి దీనమ్మ ఇల్లు పట్టుకున్నాడు. ఆమె అప్పుడే మిరపకాయల తొడిమలు తీసే పని నుంచి వచ్చి, చేతులు నీళ్లలో ముంచుకుని కూర్చుని ఉంది.

"ఒక బొంత కుట్టిపెట్టాలి దీనమ్మా."

"ఈ చేతులతోనా? కారం మంటకు సూది నిలవడం లేదు షావుకారుగారూ."

"మరి బొంతలెందుకు మానేశావు?"

ఆమె నీరసంగా నవ్వింది. "చవకబారువి ఎవరు కొంటారండీ?"

పానకాలరావు తల దించుకున్నాడు. సుగుణ సంగతి మెల్లగా చెప్పాడు. దీనమ్మ లేచి, తాను పరుచుకునే బొంతనే మడిచి అతని చేతిలో పెట్టింది. "ఉతికిందేనండీ. పదేళ్ల కిందట కుట్టాను."

చీమల బారులా సన్నటి కుట్లు. ఒక్కటీ ఊడలేదు.

"ఇది చవకబారుది కాదు" అన్నాడతను గొంతు తగ్గించి.

"చవకదేనండీ. అందరూ కొనుక్కోవాలని చవగ్గా ఇచ్చేదాన్ని. కుట్టు మాత్రం ఎప్పుడూ ఎగ్గొట్టలేదు."

ఆ మధ్యాహ్నం ఆ బొంత మీద సుగుణకు చాలా రోజుల తరువాత కునుకు పట్టింది. మర్నాడు పానకాలరావు మళ్లీ వెళ్లి, తన కొట్టులోనే బొంతలు పెట్టి అమ్ముకోమన్నాడు.

"చేతులు మానాక చూద్దాం లెండి" అంది దీనమ్మ. కూటి కోసం మిరపకాయల పనికి పోక తప్పలేదు; ఆ ఏడాదంతా అవి మానలేదు.

నీతి: ధర తక్కువైతే చవక, పనితనం తక్కువైతేనే చవకబారు, ఈ తేడా ఎరగని నోరు ఎదుటివారి కూడు పోగొడుతుంది.