కొంరవ్వ వంపని కల్లు

తాతల తాతలనాటి ముచ్చట ఇది. వాగు ఇంకా ఊరికి పడమరగా పారే కాలం. ఆ ఒడ్డున ఈతవనంలో కొంరవ్వ కల్లు అమ్మేది. మొగుడు సాయన్న చెట్టెక్కి గీసేవాడు, ఆమె కింద కూర్చొని వంపేది.

ఆ రోజుల్లో కడుపుతో ఉన్నవాళ్లకు కల్లు తాగించేవారు. చలువ అనేవారు, బలం అనేవారు, కాన్పు సులువనేవారు. కొంరవ్వా తాగింది. బూదెమ్మ పుట్టింది. చిన్న తల, సన్నటి కళ్లు. ఏడేళ్లొచ్చినా చెప్పిన పని గడప దాటేలోపే మరిచిపోయేది. ఊరికే ఉలిక్కిపడి ఏడ్చేది.

"అమ్మవారి కోపం" అన్నారు కొందరు. "మొండిది, నాలుగు తగిలించు" అన్నారు కొందరు. కొంరవ్వ మాత్రం ఊళ్లో పుట్టే బిడ్డలను చూస్తూ ఉంది.

కల్లు వంపే మనిషికి ఎవరెంత తాగారో తెలుస్తుంది. వాగవతలి ఆమె రోజూ తాగింది, బిడ్డ బూదెమ్మలాగే పుట్టింది. బండమీది ఇంటామె తాగింది, ఆ బిడ్డా అంతే. ఇంకొకామె తాగినా బిడ్డ బాగానే ఉంది. అందుకే ఇన్నేళ్లూ సంగతి ఎవరికీ పట్టుబడలేదు. అసలు ముట్టనివాళ్ల ఇళ్లలో మాత్రం అలాంటి బిడ్డ ఒక్కరూ కనబడలేదు.

జాతర వచ్చింది. పటేలు కోడలు నర్సవ్వకు మూడో నెల. జాతరలో తొలి కల్లు కడుపుతో ఉన్నామెకే పోయడం ఆనవాయితీ. నర్సవ్వ దోసిలి పట్టింది. కొంరవ్వ వంపలేదు.

"పొయ్యవేందే?" అన్నాడు పటేలు.

"పొయ్య పటేలా."

మళ్లీ అడిగాడు. "పొయ్య పటేలా."

మూడోసారి కర్ర నేలకేసి కొట్టాడు. సాయన్న పోసెయ్యమని సైగ చేశాడు. ఈతచెట్లన్నీ పటేలువే.

కొంరవ్వ పక్కనే ఉన్న బూదెమ్మను దగ్గరకు తీసుకుంది. "అమ్మవారు చేసిందేం లేదు, ఈ పిల్ల చేసిందేం లేదు. కడుపుతోని ఉండంగ నేను తాగిన. తెల్వక తాగిన. తల్లి తాగితే లోపలి పిల్ల గూడ తాగుతది. తొమ్మిది నెలలు ఒక్క చుక్క వద్దు. ఇప్పుడు తెలిసి పోస్తే తప్పు నాదైతది."

నర్సవ్వ దోసిలి వెనక్కి తీసుకుంది. "నాకొద్దు మామా" అంది.

పటేలు చెట్లు లాక్కున్నాడు. ఆ ఏడాదంతా కొంరవ్వ ఈతాకు చాపలల్లి బతికింది. బూదెమ్మకూ నేర్పింది, ఒకసారికి ఒక్క పోగు చొప్పున. నేర్చుకోవడానికి మూడు వానకాలాలు పట్టింది. ఆమె మందబుద్ధి పోలేదు. కొట్టమనేవాళ్లు మాత్రం ఊళ్లో లేకుండా పోయారు.

నర్సవ్వ కడుపున తనకు చురుకైన మనవరాలు పుట్టిందని పటేలు చెట్లు తిరిగిచ్చాడు. క్షమించమని మాత్రం అడగలేదు.

కొంరవ్వ పోయి ఎన్ని తరాలైందో ఎవరూ లెక్కపెట్టలేదు. ఇప్పటికీ ఆ వాగు పక్క ఊళ్లలో, కడుపుతో ఉన్నామె విందు బంతిలో కూర్చుంటే, కల్లు పోసేవాళ్లు ఆమె ముందు ఆగుతారు. "కొంరవ్వ వద్దన్నది" అని దాటిపోతారు. పక్కనున్న ఆమె మొగుడు కూడా తన ముంత బోర్లిస్తాడు.